తట్టలు మోసి కట్టిన సచివాలయం

మండలాఫీసు ముందు ఎండలో ఎప్పుడైనా నిలబడ్డారా? కాస్త నీడ వుంటే బాగుండునని అనిపిస్తుంది కదా! ఎండా నీడా ఆలోచించి కట్టిన ఒక పెద్ద ఆఫీసు గురించి చదువుదాం.

1947లో దేశం రెండుగా చీలింది. పంజాబు రాజధాని లాహోరు పాకిస్తానుకు పోయింది. మన పంజాబుకు రాజధాని కావాలి. అందుకని చండీగఢ్ అనే కొత్త నగరం కట్టారు. అక్కడి సచివాలయం 1958లో పూర్తయింది. దాని నమూనా లె కార్బూజియే తయారుచేశాడు. ఆయన స్విట్జర్లాండులో పుట్టి, ఫ్రాన్సులో స్థిరపడ్డాడు.

ఈ భవనం పొడవు 254 మీటర్లు. అంటే పావు కిలోమీటరు! ఎత్తు 42 మీటర్లు. కాంక్రీటు ఎండకు సాగుతుంది. చలికి ముడుచుకుంటుంది. ఇంత పొడవు ఒకే ముక్కగా కడితే పగుళ్ళు వస్తాయి. అందుకే ఆరు భాగాలుగా కట్టి, మధ్యలో సందులు వదిలారు.

మన ఇంటికి చూరు ఎందుకు దించుతాం? ఎండ లోపలికి రాకుండా. ఇక్కడా అంతే. కిటికీల ముందు కాంక్రీటు పలకలతో లోతైన గూళ్ళు కట్టారు. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. పలక ఎండను ఆపుతుంది. చలికాలంలో సూర్యుడు కిందుగా పోతాడు. అప్పుడు కాస్త ఎండ లోపలికి వస్తుంది. మెట్లతో పనిలేకుండా పైకి నడిచిపోయే ఏటవాలు దారులు కూడా వున్నాయి.

ఈ కాంక్రీటు ఎవరు మోశారు? ఆడకూలీలు తట్టలు నెత్తిన పెట్టుకుని మోశారు. ఆనాటి ఫొటోల్లో వాళ్ళు కనిపిస్తారు. చండీగఢ్ నమూనాలు గీసిన బృందంలోనూ ఒక మహిళ వున్నారు. ఆమె ఊర్మిళా యూలీ చౌదరి. ఆమెకు చదువు అందింది, గీత గీశారు. చదువు అందని తల్లులు తట్ట మోశారు. రెండూ కష్టమే. పుస్తకాలకెక్కింది మాత్రం గీసినవాళ్ళ పేర్లే.

1966లో హర్యానా వేరే రాష్ట్రమైంది. రెండు రాష్ట్రాలూ ఈ భవనాన్నే పంచుకున్నాయి. 2016లో యునెస్కో సంస్థ ఈ సచివాలయాన్నీ, దాని పక్కనున్న ప్రభుత్వ భవనాలనూ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

అక్కలారా! ఏ సర్కారు ఆఫీసైనా జనం సొమ్ముతో, కూలీల చెమటతో లేచిందే. లోపలికి వెళ్ళడానికి జంకు ఎందుకు? గుమ్మం దగ్గర బోర్డు చదవండి. మీ పని ఏ గదిలో వుందో చూడండి. ధైర్యంగా అడగండి.

మాట్లాడుకోండి:
1. సచివాలయాన్ని ఆరు భాగాలుగా ఎందుకు కట్టారు?
2. కిటికీల ముందు గూళ్ళు ఎందుకు?
3. మీ ఊరి బడిని కట్టింది ఎవరు? వాళ్ళ పేర్లు అడిగి రాయండి.