పదిహేను అంగుళముల రైలుదారి

ఇంగ్లండు దేశపు వాయవ్య తీరమున, కంబ్రియా మండలమందు, రేవెన్‌గ్లాస్ అను చిన్న గ్రామము కలదు. ఎస్క్, మైట్, ఇర్ట్ అను మూడు నదులు అచ్చట కలిసి సముద్రమును చేరుచున్నవి. ఆ గ్రామమునుండి ఒక రైలుమార్గము బయలుదేరి, ఎస్క్ నది లోయలోనికి సుమారు 7 మైళ్లు సాగి, కొండల నడుమనున్న డేల్‌గార్త్ స్టేషనునొద్ద ముగియును. మన దేశమందలి బ్రాడ్‌గేజి మార్గమున రెండు పట్టాల నడుమ దూరము 5 అడుగుల 6 అంగుళములు. ఈ మార్గమున ఆ దూరము 15 అంగుళములు మాత్రమే! ఇంత చిన్నదైనను ఇది ఆటవస్తువు కాదు. బొగ్గు మండించి, ఆవిరి పుట్టించి, పెట్టెల నిండ జనమును కొనిపోవు నిజమైన రైలు.

కొండలలోని ఇనుప ఖనిజమును తీరమునకు చేర్చుటకై 1875వ సంవత్సరమున ఈ మార్గము 3 అడుగుల వెడల్పుతో మొదలయ్యెను. ఆదాయము చాలక 1913లో మూతపడెను. 1915లో నమూనా రైళ్ల నిర్మాతయగు బాసెట్ లోక్ అను నతడును అతని సహచరులును దీనిని 15 అంగుళముల మార్గముగా మార్చిరి. తరువాత కొంతకాలము కొండరాతి రవాణా దీనికి జీవనాధారమయ్యెను. రాతిగనులు మూతపడగా మరల కష్టములు దాపురించెను. 1960 సెప్టెంబరులో మార్గమంతయు వేలమునకు వచ్చెను. మొత్తముగా కొనువారు లేనిచో, పట్టాలు, ఇంజనులు విడివిడిగా అమ్ముడుపోవలసియుండెను. అప్పుడు ఆ రైలుపై మక్కువ గలవారు సంఘముగా ఏర్పడి చందాలు ప్రోగుచేసిరి. చాలని ధనమును కోలిన్ గిల్బర్ట్, సర్ వేవెల్ వేక్‌ఫీల్డ్ అను ఇరువురు సమకూర్చిరి. 12,000 పౌనులకు మార్గము దక్కెను.

అంతటితో కథ ముగిసినదని తలంపరాదు. ధనముతో కొన్నది ధనముతోనే నిలువదు. అది వానలు మెండుగా కురియు ప్రదేశము. పట్టాల క్రింది కొయ్య స్లీపర్లు నానును, చివుకును. కంకరలో మట్టి చేరును. కాలువలు ఆకులతో పూడును. ఒక్క పదేండ్లు ఉపేక్షించినచో ఆ లోయలో రైలు నడచెనని చెప్పుటకు తుప్పుపట్టిన ఇనుము మాత్రమే మిగులును.

వేసవిలో యాత్రికులు వేలకొలది వత్తురు. అప్పుడు మార్గమునకు విశ్రాంతి లేదు. బండ్లు తగ్గిపోవు శీతకాలమే మరమ్మతులకు తగిన సమయము. పక్షులు గూళ్లు కట్టకమునుపే పొదలను నరుకుటకును అదియే అదను. సంస్థలోని జీతగాండ్రకు తోడుగా స్వచ్ఛంద సేవకులు వచ్చి చేయి కలుపుదురు. వారిలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, పదవీవిరమణ చేసినవారు, విద్యార్థులు మున్నగువారు ఎవరైనను ఉండవచ్చును. మంచు కప్పిన ఉదయమున వారు పలుగు, పార చేబూని పనికి పూనుకొందురు. చివికిన స్లీపరును ఊడదీసి క్రొత్తదానిని అమర్చుదురు. దాని క్రింద కంకరను గట్టిగా కూరుదురు. పట్టాల కీళ్లవద్ద బోల్టులను బిగింతురు. పిదప కొలబద్దతో పట్టాల నడుమ దూరమును మరల మరల కొలుతురు. పెద్ద మార్గమున అంతగా లెక్కకురాని కొద్దిపాటి తేడా, పదిహేను అంగుళముల దారిలో చక్రము పట్టా తప్పుటకు చాలును.

కార్ఖానాలో వేరొక పని సాగుచుండును. నీరు గడ్డకట్టినప్పుడు నూటికి సుమారు 9 వంతులు పెరుగును. కనుక ఇంజనులో నీరు నిలిచియున్నచో ఆ గొట్టములు పగులును. అందుచే ముందుగా నీటినంతయు వదలివేయుదురు. బాయిలరు లోపల పేరుకొన్న మడ్డిని కడుగుదురు. అది మందముగా పట్టినచో వేడి నీటికి సరిగా అందక లోహము చెడిపోవును. అటుపిమ్మట నిపుణుడు బాయిలరును చల్లగా నున్నప్పుడొకసారి, ఆవిరి పుట్టించి యొకసారి పరీక్షించును. అతడు సమ్మతించినగాని ఇంజను బండిని లాగరాదు. అచ్చటి ‘రివర్ ఇర్ట్’ అను ఇంజను 1894లో నిర్మింపబడినది. అది నేటికిని నిలిచియుండుటకు ఇట్టి శ్రద్ధయే కారణము. 1966లో సిద్ధమైన ‘రివర్ మైట్’ అను ఇంజను సంఘసభ్యులు కూడబెట్టిన ధనముతోడనే రూపొందినది.

వేసవిలో ఆ బండి నెక్కు బాలుడు నదిని, కొండలను చూచి ఆనందించును. తన క్రింద నున్న స్లీపరును ఎవరు మార్చిరో అతడెరుగడు. మార్చినవారును ఆ ఎరుకను కోరరు. బండి కుదుపు లేక సాగిపోవుటయే వారికి బహుమానము.

ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. పూర్వము మన పల్లెలలో వానలు రాకమునుపే రైతులందరు కలిసి చెరువు పూడిక తీసి, గట్టు గట్టిపరచెడివారు. కుడిమరామత్తు అని దానికి పేరు. ఆ పని మానినచోట చెరువులు పూడిపోయినవి. గోటితో పోవుదానికి గొడ్డలి ఎందుకని పెద్దలనిరి. స్లీపరు మార్చనివాడు దారిని పోగొట్టుకొనును. పూడిక తీయనివాడు చెరువును పోగొట్టుకొనును. రేవెన్‌గ్లాస్ రైలుదారిని జనులు 1960లో ఒక్కసారి ధనముతో కొనిరి; ప్రతి శీతకాలమునను దానిని శ్రమతో మరల కొనుచున్నారు. మీ పాఠశాలలోని తోట, బావి, గ్రంథాలయము కూడ అట్లు ఏటేట కొనవలసినవియే.

ప్రశ్నలు

1. ఈ రైలుమార్గము 1960లో ఎట్లు దక్కెను?
2. మరమ్మతులకు శీతకాలమే తగినదగుటకు కారణములేవి?
3. “శ్రమతో మరల కొనుచున్నారు” అను మాటలోని భావమును వివరింపుము.