పాత సినిమా పాటల పుస్తకాలు సేకరించడం ఎలా?
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో కొత్తగా మొదలుపెట్టేవారి కోసం

సినిమా హాలు దగ్గర అణాకో రెండణాలకో అమ్మిన చిన్న పుస్తకం. అట్ట మీద నాయికా నాయకుల బొమ్మ, లోపల నటీనటుల పేర్లు, సగం దాకా చెప్పి మిగతాది వెండితెర మీద చూడమని ఆపేసిన కథ, ఆ వెనక పాటలు. మన తాతలు, అవ్వలు సినిమా చూసొచ్చాక పాట నేర్చుకున్నది ఈ పుస్తకాల్లోనే. అప్పట్లో ఇంటింటా ఉన్న వీటిని ఇప్పుడు వెతికి పట్టుకోవాలి.

ఇలాంటి కాగితాలను పదిలంగా దాచుకునే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది. అమెరికాలో 1880ల చివర్లో ఆలెన్ అండ్ గింటర్ అనే కంపెనీ సిగరెట్ పెట్టెల్లో 50 మంది ఆటగాళ్ళ బొమ్మల కార్డులు వేసింది. వాటిలో బాక్సింగ్ వీరుడు జాన్ ఎల్. సలివాన్ కార్డు కోసం సేకర్తలు ఇప్పటికీ పోటీ పడతారు. 1910లో మెక్కా సిగరెట్ల వాళ్ళు బాక్సర్ల కార్డులు విడిగా వేశారు. సిగరెట్ అమ్ముకోవడానికి వేసిన అట్టముక్కలే ఇప్పుడు ఆ తొలితరం ఛాంపియన్ల చరిత్రకు ఆధారాలు. మన పాటల పుస్తకాలకూ అంత విలువ ఉంది. 1932లో వచ్చిన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఫిల్ము నేడు మనకు దొరకడం లేదు. అలా తెర మీంచి మాయమైన సినిమాల సంగతి తెలుసుకోవాలంటే మిగిలినవి ఇలాంటి కాగితాలే.

మన ప్రాంతం వాళ్ళు ఈ పని చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు సినిమా తొలితరం దిగ్గజాల్లో కొందరిది ఈ నేలే. బి.ఎన్. రెడ్డిది పులివెందుల తాలూకా కొత్తపల్లె. ఆయన తమ్ముడు, విజయా సంస్థ అధినేత బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. ప్రొద్దుటూరులో 1920లో పుట్టిన వెల్లాల సుబ్బమ్మ సినిమాల్లో శాంతకుమారి అయ్యారు. హాస్యనటుడు పద్మనాభం సొంతూరు సింహాద్రిపురం. జమ్మలమడుగు పక్కనున్న గండికోట పేరు 1969లో ఎన్టీఆర్ సినిమా ‘గండికోట రహస్యం’తో రాష్ట్రమంతా వినిపించింది. వీళ్ళ సినిమాల పుస్తకాలను వీళ్ళ ఊళ్ళవాళ్ళమే కాపాడుకోవాలి.

1. ముందు హద్దు గీసుకోండి

పాటల పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. కనబడినదల్లా కొంటే డబ్బూ మిగలదు, సేకరణకు ఒక రూపూ రాదు. అందుకే చిన్న జాబితాతో మొదలుపెట్టండి. కిందివాటిలో ఒక్కటి ఎంచుకుంటే చాలు.

బి.ఎన్. రెడ్డి: ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941), ‘స్వర్గసీమ’ (1945), ‘మల్లీశ్వరి’ (1951), ‘రాజమకుటం’ (1960), ‘రంగులరాట్నం’ (1966).

విజయా సంస్థ: ‘షావుకారు’ (1950), ‘పాతాళభైరవి’ (1951), ‘పెళ్ళిచేసి చూడు’ (1952), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘జగదేకవీరుని కథ’ (1961), ‘గుండమ్మకథ’ (1962).

శాంతకుమారి: భర్త పి. పుల్లయ్య తీసిన ‘సారంగధర’ (1937), ‘అర్ధాంగి’ (1955), ‘జయభేరి’ (1959), ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ (1960).

పద్మనాభం: సొంతంగా తీసిన ‘దేవత’ (1965), గాయకుడిగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని పరిచయం చేసిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ (1967).

కొత్తవాళ్ళకు 1950ల చివరి నుంచి 60ల దాకా వచ్చిన పుస్తకాలు అనువుగా ఉంటాయి. ఆ సినిమాలు బాగా ఆడాయి, పుస్తకాలూ ఎక్కువ అచ్చయ్యాయి. 1940ల నాటివి అంత తేలిగ్గా దొరకవు. యుద్ధకాలంలో కాగితానికే కరువొచ్చింది, ఆనాటి నాసిరకం కాగితం పెళుసుబారి ముట్టుకుంటే విరుగుతుంది. చేతికి అనుభవం వచ్చాకే వాటి జోలికి వెళ్ళండి.

2. ఎక్కడ వెతకాలి?

మొదట మీ ఇంట్లో, తర్వాత చుట్టాల ఇళ్ళలో అడగండి. అటక మీది ట్రంకుపెట్టె, భజన పుస్తకాల కట్ట, హార్మోనియం పెట్టె అడుగు, పాత పంచాంగాల మధ్య వెతకండి. మన పల్లెల్లో నాటకాలు ఆడినవాళ్ళు, భజన గురువులు, హార్మోనియం మాస్టర్లు పాటల కోసం ఈ పుస్తకాలు కొని దాచుకునేవారు. సురభి నాటక సమాజం 1885లో పుట్టింది మన కడప జిల్లాలోనే కాబట్టి ఇక్కడ నాటకాల కరపత్రాలు కూడా దొరికే అవకాశముంది. కంటబడితే వదలకండి.

అడిగే తీరు ముఖ్యం. డబ్బు మాట ముందే ఎత్తితే పెద్దవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. “అవ్వా, పాతకాలం సినిమా పాటల పుస్తకాలు ఏమన్నా ఉండాయా? చూసి మళ్ళీ ఇస్తా” అని అడిగితే పుస్తకంతో పాటు దాని కథ కూడా బయటికి వస్తుంది. ఇవ్వడానికి మనసొప్పకపోతే ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేయండి. మాట నిలబెట్టుకున్న ఇంటికి రెండోసారి వెళ్ళగలం.

ఆ తర్వాత పాత కాగితాలు తూకానికి కొనే కొట్లు. ప్రొద్దుటూరు లాంటి వ్యాపారపు ఊళ్ళో పాత ఇళ్ళు ఖాళీ చేసినప్పుడల్లా కట్టలు అక్కడికే చేరతాయి. కొట్టు యజమానితో ముందే మాట్లాడి, ఇలాంటివి వస్తే పక్కన పెట్టమనండి, తూకం ధర కంటే ఎక్కువ ఇస్తామని చెప్పండి. మూతబడిన సినిమా హాళ్ళలో పనిచేసిన గేట్‌కీపర్లను, ఆపరేటర్లను కూడా కలవండి. హైదరాబాదు వెళ్తే ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల బజారు తప్పక చూడండి.

3. అసలుదో కాదో పోల్చుకోండి

ప్రొద్దుటూరు బంగారం అంగట్లో గీటురాయి మీద గీయకుండా నగ కొనరు. కాగితానికీ అలాంటి పరీక్షలున్నాయి. భూతద్దం, వెలుతురు ఉంటే చాలు.

అచ్చు: 1960ల దాకా వచ్చిన పుస్తకాలు చాలావరకు సీసపు అక్షరాలు కూర్చి అచ్చువేసినవి. పేజీ వెనక్కి తిప్పి వేలితో మెల్లగా తడిమితే అక్షరాల ఒత్తిడి తగులుతుంది. జెరాక్స్ కాపీకి, కంప్యూటర్ ప్రింటుకు అది ఉండదు.

బొమ్మ: పాత బ్లాకుతో వేసిన బొమ్మను భూతద్దంలో చూస్తే వరుసగా పేర్చినట్టు చుక్కలు కనిపిస్తాయి. ఇంట్లోని ప్రింటర్ వేసిన బొమ్మలో చుక్కలు చిందరవందరగా ఉంటాయి.

కాగితం: వయసు మీదపడిన కాగితం అంచుల్లో ఎక్కువగా, నడుమ తక్కువగా పసుపుబారుతుంది. అంతా ఒకే రంగులో ఉంటే టీ నీళ్ళలో ముంచారేమోనని అనుమానించండి.

పిన్నులు: పాత ఇనుప పిన్ను తుప్పు చుట్టూ కాగితంలోకి దిగుతుంది. మరక ఉండి పిన్ను మాత్రం మెరుస్తుంటే ఎవరో మళ్ళీ కుట్టారని అర్థం. అప్పుడు పేజీలు తగ్గాయేమో లెక్కపెట్టండి.

సినిమా కంపెనీ వేయించిన పుస్తకం వేరు, బయటివాళ్ళు నాలుగైదు సినిమాల పాటలు కలిపి వేసిన కూర్పు వేరు. మొదటిదానిలో సంస్థ చిహ్నం, తారాగణం, కథ ఉంటాయి. రెండోదానికి వెల తక్కువ.

4. ఏ ఏటిదో తేల్చుకోండి

చాలా పుస్తకాల మీద సంవత్సరం ఉండదు. కాలం పట్టించే గుర్తులు వేరే ఉంటాయి.

మొదటిది వెల. మన దేశంలో నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. వెల అణాల్లోనే ఉంటే పుస్తకం దాదాపుగా అంతకుముందుది. 1964 జూన్‌లో ‘నయా’ పోయి ఉత్త ‘పైసలు’ మిగిలాయి. ‘న.పై.’ అని ఉంటే ఈ రెండింటి నడిమి కాలానిదని నమ్మకంగా చెప్పవచ్చు. ‘మాయాబజార్’ విడుదలైంది 1957 మార్చి 27న, అంటే నయాపైసలకు ఐదు రోజుల ముందు. అందువల్ల ఆ సినిమా పుస్తకం మీద వెల అణాల్లో ఉంటే తొలి విడతదయ్యే అవకాశం ఎక్కువ.

రెండోది చిరునామా. ‘మద్రాసు-17’, ‘మద్రాసు-26’ అని చిన్న అంకెలుంటే పాతది. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అది కనిపిస్తే ఆ తర్వాత అచ్చయినదే, సినిమా ఎంత పాతదైనా సరే.

మూడోది ముద్రణాలయం పేరు. చివరి అట్ట అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘చందమామ’ను అచ్చువేసిన బి.ఎన్.కె. ప్రెస్ బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి సోదరులదే. ఆ పేరు కనిపిస్తే తప్పకుండా రాసి పెట్టుకోండి.

ఒకే పేరుతో రెండు సినిమాలున్న చోట జాగ్రత్త. ‘దేవత’ 1941లోనూ వచ్చింది, 1965లోనూ వచ్చింది. మొదటిది కొత్తపల్లె బి.ఎన్. రెడ్డిది, రెండోది సింహాద్రిపురం పద్మనాభానిది. ‘సారంగధర’ 1937లో శాంతకుమారి నటించినది ఒకటి, 1957లో ఎన్టీఆర్, భానుమతి నటించినది ఇంకొకటి. ‘సుమంగళి’ కూడా 1940లో, 1965లో రెండుసార్లు వచ్చింది. పేరు చూసి డబ్బు ఇవ్వకండి, తారాగణం చదివి ఇవ్వండి. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తమిళంలోనూ వచ్చాయి. చెన్నై నుంచి తెప్పించుకునేటప్పుడు ఏ భాషదో ముందే అడగండి.

5. ధర మాట్లాడేటప్పుడు

నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకుని దానికి కట్టుబడండి. ధరను నిర్ణయించేవి మూడు: ఎంత అరుదు, ఎంత బాగుంది, ఎంతమంది అడుగుతున్నారు. అట్ట పోయినా, నడిమి పేజీలు లేకపోయినా విలువ బాగా పడిపోతుంది. అట్ట మీద పాత సినిమా హాలు ముద్రో, సిరాతో రాసిన పేరో ఉంటే లోపమనుకోకండి. మన ఊరి హాలు ముద్ర ఉన్న పుస్తకం మన సేకరణలో మకుటం లాంటిది. ఫోన్లో ఫొటో చూపించి అమ్మేవాళ్ళను ముందు అట్ట, వెనుక అట్ట, నడిమి పేజీ, పిన్నులు నాలుగూ విడివిడిగా తీసి పంపమనండి. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కొనేటప్పుడు అసలు విలువ దాచి కారుచవకగా తీసుకోవడం తప్పు. తెలిసింది చెప్పి, న్యాయమైన ధర ఇవ్వండి.

6. ఇంటికి తెచ్చాక

కొత్తగా వచ్చినదాన్ని వెంటనే మిగతావాటిలో కలపకండి. కొన్నాళ్ళు విడి కవరులో ఉంచి పురుగు ఉందేమో చూడండి. మెత్తటి పొడి బ్రష్‌తో నడుమ నుంచి అంచుకు దుమ్ము తుడవండి. తడిగుడ్డ పనికిరాదు. తుప్పు పట్టిన పిన్నులను లాగకండి, కాళ్ళు నిదానంగా నిటారుగా చేసి వెనక నుంచి తీయండి, వాటి చోట నూలు దారంతో వదులుగా కుట్టండి.

సెలోటేపు, ఫెవికాల్, లామినేషన్ ఈ మూడూ కాగితానికి శత్రువులు. టేపు జిగురు కొన్నేళ్ళకు గోధుమరంగు మరకై నిలిచిపోతుంది. లామినేషన్ చేసినదాన్ని మళ్ళీ మామూలు కాగితంగా మార్చలేం.

ఒక్కో పుస్తకాన్ని ఆమ్లం లేని కాగితపు కవరులో గానీ, పాలిప్రొపిలీన్ కవరులో గానీ పెట్టి, వెనక గట్టి అట్ట దన్ను ఇవ్వండి. వాసన కొట్టే పి.వి.సి. కవర్లు వాడకండి. మన దగ్గర ఎండాకాలం వేడికి అటక మీద కాగితం పొడిబారి పెళుసవుతుంది, వానాకాలం గోడవార చెదలు పడతాయి. అటకా వద్దు, నేలా వద్దు. ఇంటి నడిమి గదిలో, గోడకు ఆనకుండా, ఎండ పడని బీరువాలో మధ్య అర మంచిది. బాగా ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి కాగితానికి తగలకుండా ఒక మూల పెట్టండి. నెలకోసారి తీసి చూడండి.

7. చిట్టా రాయండి

సేకరణలో ఎక్కువమంది వదిలేసే పని ఇది, అన్నింటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతిదానికీ ఇవి రాయండి: సినిమా పేరు, సంవత్సరం, సంస్థ, కొలత, పేజీలు, అచ్చయిన వెల, ముద్రణాలయం, ఇప్పటి స్థితి, ఏ ఊళ్ళో ఎవరి ఇంట్లో దొరికింది, ఆ సినిమా వాళ్ళు ఏ హాల్లో చూశారు, ఏ పాట పాడుకునేవారు. వరుస సంఖ్యను కవరు మీద పెన్సిల్‌తో వేయండి, పుస్తకం మీద వద్దు. అలాంటి పుస్తకం ఇంకో చోట ఇంకొకటి దొరకవచ్చు. జమ్మలమడుగులో టెంటు కింద ఆ సినిమా చూసిన మనిషి జ్ఞాపకం మళ్ళీ దొరకదు.

ప్రతి పేజీనీ 600 డి.పి.ఐ.లో స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. చదువుకోవడానికి, పరిశోధనకు వాడుకోండి గానీ అచ్చువేసి అమ్మకండి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ళ వరకు రచన మీద హక్కు ఆయన వారసులదో, హక్కులు పొందినవారిదో. ‘మాయాబజార్’ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. ‘మల్లీశ్వరి’ పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో. ఇద్దరి రచనలకూ ఇంకా హక్కు గడువు తీరలేదు.

8. నలుగురికీ అందేలా చేయండి

పది పుస్తకాలు చేరగానే మీ ఊరి గ్రంథాలయంలోనో, బడిలోనో ఒక పూట ప్రదర్శన పెట్టండి. అసలువి అద్దం కింద ఉంచి, చేతికి నకళ్ళు ఇవ్వండి. వచ్చిన పెద్దల్లో ఎవరో ఒకరు మా ఇంట్లోనూ ఉన్నాయంటారు. ఒకటికి రెండు ప్రతులుంటే వేరే సేకర్తతో మార్చుకోండి. సేకరణ ముందుముందు ఎక్కడ పదిలంగా ఉంటుందో కూడా ఆలోచించండి. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో నిలబడిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమాలతో పాటు పాటల పుస్తకాలనూ భద్రపరుస్తోంది. మీ తర్వాత ఈ కట్ట ఎవరికి చేరాలో ఇప్పుడే ఇంట్లో చెప్పి, చిట్టా మొదటి పేజీలో రాసి పెట్టండి.

సేకర్త చనిపోతే సేకరణ తూకానికి పోవడం మన దగ్గర మామూలైపోయింది. అది ఆగాలి. ఈసారి ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాల కట్టను బండివాడికి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి. అందులో ఒక్క పాటల పుస్తకం దొరికినా మీ సేకరణ మొదలైనట్టే.