హగరి ఒడ్డున గాజు బట్టీ: కొన్ని అనుభవ పాఠాలు

బళ్ళారి నుంచి గుంతకల్లు పోయే రైలు దారిలో హగరి ఒక చిన్న స్టేషను. పక్కనే అదే పేరుతో ఏరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలోకి, బళ్ళారి మైసూరులోకి పోయాయి గానీ మా మాట ఎటూ పోలేదు. నేను ఇక్కడే ఉండి గాజుతో బొమ్మలు చేస్తూ బతికాను. ఈమధ్య ఆర్ట్ కాలేజీల పిల్లలు వెతుక్కుంటూ వస్తున్నారు. "గాజుతో ప్రయోగాలు చేయాలనుంది తాతా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. వాళ్ళకు నోటితో చెప్పిన సంగతులే ఇవి. తీరిక లేనివాళ్ళు కనీసం మూడోది, ఐదోది చదవండి.

1. వెలుతురు ఎటునుంచి వస్తుందో ముందు చూడండి

నా తొలి గాజు పని సినిమా స్లైడ్లు. ఇంటర్వెల్లో తెరమీద పడే బట్టల అంగడి, సోడా ఫ్యాక్టరీ, నగల కొట్టు ప్రకటనలు అప్పట్లో చేత్తో రాసినవే. అరచేతిలో ఇమిడే గాజు పలక తీసుకుని, దానికి నల్ల రంగు పలచగా పూసి, ఆరాక సూది మొనతో అక్షరాలు గీకుతాం. గీకినచోట వెలుతురు దూరి తెరమీద తెల్లగా పడుతుంది. పలక మీద వెంట్రుకంత వంకర పోతే తెరమీద మూరెడు వంకర కనబడుతుంది. బల్లమీద ముచ్చటగా ఉన్న ఎరుపు ప్రొజెక్టర్ దీపం ముందు మట్టి రంగుకు తిరుగుతుంది. రంగు మందమైతే వెలుతురు దాటదు, అంతే.

కాన్వాసు మీద పడిన వెలుతురు తిరిగి మన కంటికి వస్తుంది. గాజు విషయంలో అది లోపలికి పోయి, అటుపక్క తేలుతుంది. అందుకే నా పని బల్లకు మధ్యలో కోసి, పాలరంగు గాజు బిగించి, కింద దీపం పెట్టుకున్నాను. పెద్ద ఖర్చు కాదు. బొమ్మ చివరికి ఏ గోడన, ఏ కిటికీన నిలబడుతుందో అక్కడికి వెళ్ళి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రావడం కూడా పనిలో భాగమే. బళ్ళారి ఎండకు తూర్పు కిటికీ, పడమటి కిటికీ రెండు వేర్వేరు రంగుల పెట్టెలు.

2. గాజు వెనక బొమ్మ వేయడం నేర్చుకోండి

తంజావూరులో, మైసూరులో పాత ఇళ్ళలో కనబడే దేవుళ్ళ గాజు పటాలు చూసే ఉంటారు. వాటిలో రంగు గాజుకు వెనకవైపు ఉంటుంది, మనం ముందునుంచి చూస్తాం. కాబట్టి పని అంతా తిరగేసి చేయాలి. కృష్ణుడి కంటిలో మెరుపు చుక్క ముందు, తర్వాత కనుపాప, ఆ పైన కంటి తెలుపు, ఆనక ముఖం. ఆకాశం ఆఖరున. ముఖం రంగు పడ్డాక కనుపాప దిద్దుదామంటే కుదరదు, అది అడుగున పడిపోయింది. కుడి ఎడమలు తారుమారవుతాయి, అక్షరాలు అద్దంలో చూసినట్టు రాయాలి.

ఇది పాత బజారు కళ అని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ ఎచింగులకు ఎంత పేరుపొందారో అందరికీ తెలుసు. ఆయన గాజు వెనక బొమ్మలూ వేశారు. బరోడాలో ఆయనకు గురువైన కె.జి. సుబ్రమణ్యన్ కూడా ఆ పనిని ఇష్టంగా చేపట్టి, దేవుడి పటాల కళలో ఈనాటి మనుషులను కూర్చోబెట్టారు. అంత పెద్దవాళ్ళకు చిన్నతనం కానిది మనకెందుకవుతుంది? ముగింపు ముందే తెలిస్తే తప్ప మొదటి చుక్క పెట్టలేని పని ఇది. గాజును కరిగించే ముందు చేతికీ బుర్రకీ ఇంతకన్నా మంచి బడి నాకు కనబడలేదు.

3. ఒక షీటు ముక్కలు ఒకచోటే ఉంచండి

బట్టీ పెట్టిన ప్రతివాడూ మొదట తగిలించుకునే దెబ్బ ఇది. కిటికీ గాజు, బీరు సీసా, పాత ట్యూబు లైటు కలిపి కరిగిస్తారు. బట్టీలోనుంచి తీసినప్పుడు అద్భుతంగా ఉంటుంది. వారం తిరక్కుండా అల్మారాలో ఉన్నదున్నట్టే పగులుతుంది.

కారణం సులువే. గాజు వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. కిటికీ గాజులో సుమారు 70 పాళ్ళకు పైగా సిలికా, 14 పాళ్ళ దాకా సోడా, పది పాళ్ళకు కాస్త అటూఇటూగా సున్నం ఉంటాయి. సీసాలోనూ ఉండేవి ఇవే, కానీ పాళ్ళు కొంచెం మారతాయి. ఆ కొంచెం చాలు. ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఒకటి తక్కువ. అతుక్కుపోయిన రెండు గాజులు చల్లారేటప్పుడు ఒకదాన్నొకటి లాగుతాయి. ఆ లాగుడు పైకి కనబడదు.

కనబడేట్టు చేయొచ్చు. పాడైన కాలిక్యులేటరు తెరమీద పోలరైజర్ పొర ఉంటుంది. అలాంటివి రెండు తీసి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పట్టుకుంటే చీకటి అవుతుంది. రంగులేని తేట గాజు పట్టీమీద అనుమానం ఉన్న చిన్న ముక్కను కరిగించి అతికించి, చల్లారాక ఆ రెండు పొరల మధ్య పెట్టి దీపానికి ఎదురుగా చూడండి. ముక్క చుట్టూ తెల్లటి వెలుగు అంచు కనబడిందా, ఆ రెండింటికీ పొత్తు కుదరదు. అంచంతా చీకటిగా ఉంటే కలపొచ్చు. ఇంత చిన్న పరీక్ష ఎన్నో నెలల పనిని కాపాడుతుంది.

గాజు కొట్లో కోసి పారేసే తుక్కు ముక్కలు మనకు బంగారం. కానీ కొట్టతనితో మంచిగా ఉండి, ఏ ముక్క ఏ షీటులోనిదో అక్కడే మార్కరుతో గుర్తు పెట్టించుకోండి. టఫెండ్ గాజు జోలికి పోవద్దు, కోయబోతే మొత్తం గవ్వలు గవ్వలుగా రాలిపోతుంది. ఇంకో సంగతి. ఇప్పటి కిటికీ గాజు దాదాపు అంతా కరిగిన తగరం మీద తేలించి చేసినది. ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ఈ పద్ధతిని లోకానికి చెప్పింది. అందుకని ఒక ముఖానికి పలచగా తగరం అంటుకుని ఉంటుంది. ఆ ముఖం మీద వేసిన రంగు వేరుగా వస్తుంది, కొన్నిసార్లు మసక కమ్ముతుంది. షార్ట్‌వేవ్ అల్ట్రావయొలెట్ దీపం కింద తగరపు ముఖం పాలలా మెరుస్తుంది. అన్ని ముక్కలనూ ఒకే వైపు పేర్చండి.

4. ఊరి ఇసుకను అడగండి, అది చెప్పింది వినండి

హగరి ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు కడుతుంది. ఇంత ఇసుక పెట్టుకుని గాజు కొనడమేమిటని కుర్రవాళ్ళు అడుగుతారు. శుద్ధమైన సిలికా కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి. నా కరెంటు బట్టీ 900 దగ్గరే ఆగుతుంది. సోడా కలిపితే వేడి తగ్గుతుంది నిజమే, కానీ మన ఏటి ఇసుక నల్లరాతి, ఎర్రరాతి గుట్టలు అరిగిన ఇసుక. అందులో ఇనుము ఉంది. ఇనుము ఉంటే గాజు ఆకుపచ్చకో, నల్లకో తిరుగుతుంది.

పూర్వం మనవాళ్ళకు ఆ నలుపే కావలసింది. హగరికి ఎగువన వేదావతి అంటారు. ఆ వేదావతి పరీవాహకంలో, చిత్రదుర్గం జిల్లా హొసదుర్గ తాలూకాలో మత్తోడు అనే ఊరుంది. టిప్పు పోయిన మరుసటేడు, 1800లో బయలుదేరి మైసూరు సీమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ అక్కడి గాజుల బట్టీలను చూసి రాశాడు. చవుడు నేలనుంచి తీసిన సోడా, పొడిచేసిన తెల్ల పలుగురాయి. ఈ రెండే మూలం. నలుపు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం, పసుపు గాజులు చేసేవారట. ఆడవాళ్ళు ఎక్కువగా అడిగేది నల్లవేనట. రైతుకు చవుడు నేల శాపం. గాజు పనివాడికి అదే పెట్టుబడి అయింది. తర్వాత బొహీమియా గాజులు ఓడల మీద వచ్చిపడి మన బట్టీలను ఆర్పేశాయి. ఇది చదివాక నా చుట్టూ ఉన్న నేలను చూసే చూపు మారింది.

ఏటి ఇసుక కరగకపోయినా పనికొస్తుంది. రెండు పలకల మధ్య చిటికెడు చల్లితే ఇసుక చుట్టూ గాలి బుడగలు నిలిచి, తుంపర పడ్డట్టుంటుంది. మందంగా చల్లారంటే పగుళ్ళు తప్పవు. సండూరు ఎర్రమన్ను పొడి తుప్పు రంగునిస్తుంది. పాత మోటారు చుట్టలోని రాగి తీగను సాగ్గొట్టి మధ్యలో పెడితే ఒకచోట ఎరుపు, ఒకచోట నీలపచ్చ.

5. కరిగించడం తేలిక, చల్లార్చడమే పని

కిటికీ గాజు ముక్కలు 800 డిగ్రీల అటూఇటుగా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అక్కడిదాకా అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఆ తర్వాతే ఆత్రం మొదలవుతుంది. మూత కొంచెం ఎత్తి చూద్దామనిపిస్తుంది. చూడొద్దు.

గాజు పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది, లోపల ఇంకా మెత్తగా ఉంటుంది. లోపలిది ముడుచుకుంటూ పైపొరను లాగుతుంది. ఈ లాగుడు పోవాలంటే 550 డిగ్రీల దగ్గర ఆపి, లోపలా బయటా ఒకే వేడి అయ్యేదాకా ఉంచి, అక్కడినుంచి నిదానంగా దించాలి. మందం రెట్టింపైతే వ్యవధి రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు. కాలిఫోర్నియా పలోమార్ కొండమీది టెలిస్కోపు కోసం 200 అంగుళాల గాజు బిళ్ళను కార్నింగ్ కంపెనీ 1934 డిసెంబరులో పోత పోసింది. దాన్ని చల్లార్చడానికి పది నెలలు పట్టింది. పోత పోయడానికి పట్టింది గంటలే. మనం చేసే చేతివెడల్పు పలకకు ఒక రాత్రి, ఒక పగలు ఇవ్వలేమా?

మా వైపు కరెంటు కోతలు మామూలే. కాబట్టి బట్టీ గోడలు మందంగా ఉండాలి. తోరణగల్లు వైపు ఉక్కు పనిలో ఫర్నేసులు కట్టి రిటైరయిన మేస్త్రి ఒకాయన నాకు ఈ సంగతి చెప్పాడు. తేలిక రకం ఫైర్ బ్రిక్ లోపల, దాని వెనక సిరామిక్ ఊలు, బయట రేకు. అలా కట్టిన బట్టీ కరెంటు పోయినా వేడిని పట్టుకునే ఉంటుంది. కోత సమయాలు చూసుకుని సాయంత్రం అంటించండి.

6. ఒంటరిగా చేసే కళ కాదు

అమెరికాలో హార్వీ లిటిల్టన్ అనే కుండల పని మాస్టారు 1962 మార్చిలో టొలీడో మ్యూజియం ఆవరణలోని షెడ్డులో చిన్న బట్టీ పెట్టి, ఫ్యాక్టరీ లేకుండా కళాకారుడే గాజు ఊదగలడని చూపించబోయాడు. గాజు సరిగా కరగలేదు. డొమినిక్ లాబినో అనే గాజు పరిశోధకుడు ఫైబర్‌గ్లాసు తయారీకి వాడే గోళీలు తెచ్చిచ్చాకే పని సాగింది. కెమిస్ట్రీ తెలిసినవాళ్ళతో, ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళతో స్నేహం చేయండి.

అమెరికాలోనే గాజు కళాకారుడు డేల్ చిహూలీకి 1976లో కారు ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. 1979లో భుజం జారి గాజు ఊదే గొట్టం పట్టలేకపోయాడు. అప్పటినుంచి తాను నిలబడి చెప్పడం, జట్టు చేయడం. ఆయన పెద్ద పనుల్లో చాలామటుకు ఆ తర్వాతివే.

అంత దూరం ఎందుకు, తిరుపతి దగ్గర ఏర్పేడు మండలం పాపానాయుడుపేటకు వెళ్ళండి. పూసల పని చూడండి. కరిగిన గాజు ముద్దను పొడుగాటి ఇనుప గొట్టం చివర చుట్టి బట్టీలో పెడతారు. అవతలి పక్క కన్నంలోనుంచి ఒకాయన కొక్కెంతో ఆ ముద్ద కొసను అందుకుని, నూలు తీసినట్టు లాగుతూనే ఉంటాడు. లోపల బోలుతో సన్నటి గాజు గొట్టం బారలు బారలుగా వస్తుంది. చేతి వేగం మారితే పూస లావు మారుతుంది. ఆ గొట్టాన్ని ముక్కలు కోసి, బూడిదతో కలిపి మళ్ళీ వేడిచేస్తే అంచులు నునుపెక్కుతాయి. బూడిద రంధ్రాలను మూసుకుపోకుండా కాపాడుతుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ళనాడు చేసిన పూసల పద్ధతికి ఇది వారసత్వమని పూసల పండితుడు పీటర్ ఫ్రాన్సిస్ రాశాడు. ఆ పూసలు సముద్రాలు దాటి ఆగ్నేయాసియా అంతా చేరాయి. బట్టీకి అటొకరు ఇటొకరు లేకుండా ఒక్క పూసా పుట్టదు.

7. గాజు పొడి ఊపిరితిత్తుల్లో దిగితే మళ్ళీ రాదు

తడి చేసి అరగదీయండి. మాస్కు తీయొద్దు. చెప్పుల్లేకుండా గదిలో అడుగుపెట్టొద్దు. పెంకులను అట్టపెట్టెలో పెట్టి, మూసి, పైన పెద్దక్షరాలతో "గాజు" అని రాయండి. చెత్త ఎత్తే ఆమె చేతులు కూడా పనిచేసే చేతులే.

8. తలుపు అద్దం చేయడానికి సిగ్గుపడకండి

గాజు బొమ్మ కొనేవాళ్ళు తక్కువ, పంపడం కష్టం, గ్యాలరీలకు భయం. బాంకురా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన శిశిర్ సహానా వంటివాళ్ళు గాజును శిల్పంగా నిలబెట్టారు. అది అందరికీ మొదటి రోజునుంచీ దొరికే దారి కాదు. నాకు బియ్యం పెట్టింది పూజగది తలుపులు, కల్యాణమండపాల కిటికీలు. వాటిలోనే కొత్త రంగు ఒకటి, కొత్త అతుకు ఒకటి పరీక్షించుకునేవాణ్ణి.

9. రాసిపెట్టండి

తేదీ, ఏ షీటు, ఎంత మందం, ఏ వైపు పైన, గంటకు ఎన్ని డిగ్రీలు ఎక్కింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, కరెంటు పోయిందా, ఫలితం ఏమిటి. పగిలిన ముక్కను కూడా అదే అంకె వేసి దాచండి. అనుకోకుండా వచ్చిన అందం మళ్ళీ రప్పించగలిగితేనే దాన్ని నేను ప్రయోగమంటాను. రప్పించలేకపోతే అది ఆ రోజు అదృష్టం.

మత్తోడు బట్టీల సంగతి నాకు తెలిసింది ఒక పరదేశి రాసుకున్నందువల్లే. ఏ మంటకు ఏ రంగు తేలుతుందో ఆ బట్టీల ముందు కూర్చున్నవాళ్ళకు బుకానన్ కంటే వందరెట్లు తెలిసుంటుంది. పాపానాయుడుపేటలో గొట్టం లాగిన పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళ చేతులను వీడియో తీయండి, వాళ్ళ మాటలను వాళ్ళ మాటల్లోనే తెలుగులో రాయండి. గాజు చేయాలనుకుంటున్న ప్రతి కుర్రవాణ్ణీ, ప్రతి ఆడపిల్లనూ నేను అడిగేది ఇదొక్కటే. ఈ ఏడే వెళ్ళండి.