గుణకం, స్థిరపదం: ఒక లెక్కల మాస్టారి అనుభవ పాఠాలు

ఇంకొల్లు పక్కన పావులూరు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో తెలుగు చేసిన పావులూరి మల్లన ఇంటిపేరు ఆ ఊరి పేరే. అలాంటి సీమలో బీజీయ సమాసం చూసి పిల్లలు జడుసుకోవడం నాకు నచ్చదు. బడిలో నాకు పనికొచ్చిన సంగతులు ఇవి.

1. యార్డు లెక్కతో మొదలెట్టండి. గుంటూరు మిర్చి యార్డుకు బండి కిరాయి 900, టిక్కీకి (బస్తాకు) హమాలీ 40 అనుకుందాం. x టిక్కీలకు ఖర్చు 40x + 900. xను పట్టుకుని ఉన్న 40 గుణకం. పది టిక్కీలు వేసినా ముప్పై వేసినా కదలని 900 స్థిరపదం.

2. గుర్తును వదలొద్దు. మిర్చి క్వింటా 15000, కౌలు 40000 అయితే, మిగతా ఖర్చులు పక్కన పెడితే, x క్వింటాళ్లకు చేతికొచ్చేది 15000x − 40000. స్థిరపదం 40000 కాదు, −40000. గుర్తుతో సహా కలిపి సున్నా చుట్టించండి.

3. కనపడని ఒకటిని చూపించండి. "సార్, x ముందు అంకే లేదుగా?" అంటారు. లేకపోతే గుణకం 1. −x అయితే −1. x/2 అయితే సగం. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడి బీజగణితంలో xకు బదులు 'యా 1' అని ఆ ఒకటినీ రాసేవారు. స్థిరపదానికి 'రూ' గుర్తు.

4. కలిపాకే అడగండి. x కిలోల పత్తికి తీత కూలి 12x, ఆటో 300, మోత 2x, టీలు 100. మొత్తం 12x + 300 + 2x + 100. తొందరపడే పిల్లలు 12, 300 అనేస్తారు. సజాతి పదాలు కలిపితే 14x + 400. గుణకం 14, స్థిరపదం 400.

5. దేని గుణకమో చెప్పి అడగండి. 5xyలో x గుణకం 5y, y గుణకం 5x, సంఖ్యా గుణకం 5. ప్రశ్న సరిగా లేకపోతే జవాబు తప్పని పిల్లల్ని అనకూడదు.

6. అనుమానమొస్తే x చోట సున్నా వేయించండి. మిగిలేదే స్థిరపదం. 2021లో నల్లతామర పురుగు మిరప చేలను ఊడ్చేసినప్పుడు పడిపోయింది x, అంటే దిగుబడి. ముందే ఒప్పుకున్న కౌలు స్థిరపదం, దానంతటది తగ్గదు.

అందుకే కౌలు మాట్లాడుకునే ముందు, అప్పు కాగితం మీద సంతకం పెట్టే ముందు, అందులో గుణకం ఏది, స్థిరపదం ఏదని మీ ఇంట్లో బడికెళ్లే పిల్లలనే అడగండి.