విన్నది విన్నట్లు

అట్లు కాదు, అమ్మాయీ. ఆ తల్లి బడివాకిట నిన్ను నిలిపి, తెలుగుదానవన్న చనువుకొద్దీ, “మావాడికి మాటలో ఏమైనా జబ్బుందా? ఇంట్లో తెలుగు మానేయమంటారా?” అని అడిగినప్పుడు, ఆ సంగతి మా స్పీచ్ పాథాలజిస్టుగారే చెప్పవలెనని నీవు తప్పుకొంటివే, అందులో చిన్నతనమేమున్నదని రాత్రి నిద్ర మానుకొని నాకంత దీర్ఘమైన లేఖ వ్రాసితివి? “నేను ఒట్టి సహాయకురాలినేనా, అత్తా?” అంటివి. ఔను, సహాయకురాలవే. దోషనిర్ణయము, పరీక్షాఫలితములకు అర్థము చెప్పుట, ఐఈపీ యను బిడ్డ విద్యాప్రణాళికలోని లక్ష్యములను మార్చుట నీ పనులు కావు. 1975లో ఈ అమెరికా దేశమున వికలాంగబాలల విద్యాశాసనము వచ్చి (1990లో దానికే ఐడియా యను పేరు కలిగినది), బిడ్డ చదువును గూర్చిన నిర్ణయము ఏ ఒక్కరి నోటిమాటగానో గాక తల్లిదండ్రులు కూడ కూర్చున్న బృందము చేయవలెనని విధించినది. పెద్ద పాథాలజిస్టయినను గుమ్మములో నిలుచుండి తీర్పు చెప్పదు. నీకేల ఆ తొందర?

నాకు కోపము వచ్చినది మఱియొక చోట. నీ పనితీరునకు మచ్చుగా పంపిన నమోదులో “ఈనాడు బాగుగా చేసినాడు” అని వ్రాసితివి. బాగుగా ననగా నేమి? ఇరువది మాటలలో ఎన్నింట నీవు నేర్పుచున్న ధ్వని సరిగా పలికినది? తనంతట తానే పలికెనా, నీవు అద్దములో పెదవుల తీరు చూపిన పిదప పలికెనా, నీవు ముందు పలుకగా అనుకరించెనా? ఈ మూడును మూడు వేఱు వేఱు స్థితులు. మూడింటిని ఒక్క “బాగుగా”లో కలిపివేసినచో, ఆ లక్ష్యము నెఱవేఱినదో, ఇంకను సాయము కావలెనో తేల్చవలసినయామెకు నీ కాగితము తెల్లకాగితముతో సమానము. నలుగురు పిల్లలు బల్లచుట్టు చేరి బొమ్మల చీట్లకై పెనగులాడుచుండగా లెక్కకు గీతలు గీయుట కష్టమేయని నాకు తెలియును. అయినను అప్పటికప్పుడు గీయుము; సాయంకాలము జ్ఞాపకముపై ఆధారపడి వ్రాసినది నీ కోరికయే గాని వాని పలుకు కాదు. మఱియు, బొమ్మ చూపి అడిగిన వెంటనే జవాబు నీవే అందించెదవని నీ మాటలనుండియే పోల్చుకొంటిని. ఆగుము. మనస్సులో ఐదు లెక్కించుము. ఆ నిశ్శబ్దము నీకు దుస్సహముగా నుండును గాని, బిడ్డ ఆ వ్యవధిలోనే మాట వెదకికొనుచుండును.

ఇక ఆ తెలుగుబాలుని సంగతి. “వైన్” (vine) అన్నను “వైన్” (wine) అన్నను వానికి ఒక్కటియే వినబడుచున్నదని వ్రాసితివి; మనకందఱకును అంతియే కదా! ఆంగ్లమున పంటిని పెదవికానించి పలుకు ధ్వనికిని, పెదవులు గుండ్రముగా చుట్టి పలుకు ధ్వనికిని మన “వ” ఒక్కటియే చాకిరి చేయుచున్నది. నాలుక పండ్లనడుమకు సాచి పలుకవలసిన చోట మనము “థ” అందుము. “బస్” చివర ఒక “ఉ” చేర్చి “బస్సు” చేయుదుము. ఇది ఇంటిభాష వేసిన ముద్రయే గాని వ్యాధి గాదు. కాని ఆ బాలుడే అమ్మతో తెలుగున మాటాడునప్పుడు కూడ, సమవయస్కులకు తేలికగా వచ్చుచున్న అక్షరములను మింగుచున్నాడా, వాక్యము కూర్చలేక తడబడుచున్నాడా? అట్లయిన చూడవలసినదే. నిజమైన దోషము రెండు భాషలలోను కనబడును.

ఒక్క ఆంగ్లములోనే చూచిన ఏమగునో వినుము. 1970లో కాలిఫోర్నియాలో డయానా వ్యాజ్యమని ఒకటి నడచినది. మెక్సికన్ కుటుంబములకు చెందిన తొమ్మండుగురు బిడ్డలను ఆంగ్లములో పరీక్షించి మందబుద్ధుల తరగతిలో కూర్చుండబెట్టిరి. స్పానిషులో మరల పరీక్షింపగా వారిలో పెక్కుమంది ఆ తరగతికి చెందనివారని తేలినది. ఇంటిభాషలో పరీక్షింపవలెనను నియమము పిమ్మట కేంద్రశాసనములోను చేరినది. బడిలో తెలుగు తెలిసినదానవు నీ వొక్కతెవేనంటివి; అట్టి చోట నీ చెవి విలువ యెంతయో నేను వేఱుగ చెప్పవలెనా? ఆ బాలుడు తెలుగులో ఏమన్నాడో అన్నదన్నట్లు వ్రాసి నీ పర్యవేక్షకురాలి కిమ్ము. “ఇది మా యాసయేనండీ” అని తీర్పు మాత్రము జోడింపకుము.

తెలుగు మానిపించిన బిడ్డకు మాటలు త్వరగా వచ్చుననుటకు ఆధారము లేదు; పైగా అమ్మమ్మతో మాటాడు దారి మూసినట్లగును. ఇది నేను నీతో అన్నమాట. ఆ తల్లికి చెప్పవలసినది మీ పాథాలజిస్టు. వారిద్దఱిని ఈ వారమే కలిపించుము. దుబాసివై కూర్చుండుటకు నిన్ను నియోగించినచో, తల్లి మాటను కుదింపకుము, నీ సానుభూతిని అందులో కలుపకుము. నీకు తోచినది తరువాత వేఱుగ చెప్పుకొనవచ్చును.

ఇంకొకటి. నీ లేఖలో ఆ బాలుని పేరు, తరగతి, ఉపాధ్యాయిని పేరు కూడ వ్రాసితివి. అత్తకైనను వ్రాయరాదు, విద్యార్థుల వివరములను గోప్యముగా నుంచవలెనను 1974 నాటి ఫెర్పా శాసనము నీ శిక్షణలో చదివియే యుందువు. ఆ పుట చించివేసితిని. మరల వ్రాయునప్పుడు “ఆ అబ్బాయి” అనుము, చాలును.