క్షయ మందులు, నరముల బాధలు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

ఊరిలో ఒకరు క్షయకు మందు తినుచున్నారనుకొందము. రెండు నెలలు గడచినవి. దగ్గు తగ్గినది, ఆకలి పుట్టినది. ఇంతలో అరికాళ్ళు తిమ్మిరెక్కసాగినవి. రాత్రులు మంటలు పుట్టుచున్నవి. ‘ఈ మందు నాకు పడలేదు’ అని అతడు మానివేయును. ఇరుగుపొరుగువారును అదియే మంచిదందురు. కాని అట్లు మానినచో అణగియున్న క్రిములు మరల విజృంభించును; వ్యాధి మందులకు లొంగని మొండి క్షయగా మారవచ్చును. చిన్న మాత్రతో తీరగల బాధకై ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనుట యగును. కావున ఈ విషయమును సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

క్షయకు మొట్టమొదటి సమర్థమైన ఔషధము స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాయందు సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ దీనిని కనుగొనెను. ఎందరినో బ్రతికించిన ఈ సూదిమందే కొందరికి లోపలి చెవిని దెబ్బతీసి తలతిరుగుడును, చెవుడును కలిగించినది. అట్లు పోయిన వినికిడి సాధారణముగా తిరిగిరాదు.

నేడు సాధారణ క్షయకు ఆరు నెలలపాటు మాత్రలే ఇచ్చుచున్నారు. వానిలో రెండింటిని గూర్చి మనము తెలిసికొనవలెను.

ఐసోనియాజిడ్: ఈ మందు 1952 నుండి క్షయకు వాడుకలో నున్నది. ఇది శరీరమునందు బి6 విటమిను పనికి అడ్డుపడును. అందుచే నరములు బలహీనపడును. పొడవైన నరములు ముందుగా దెబ్బతినును గనుక తిమ్మిరి, మంట, సూదులు గ్రుచ్చినట్లుండుట పాదములయందే మొదలగును. తిండిలేక చిక్కినవారికి, మద్యము త్రాగువారికి, మధుమేహము గలవారికి, గర్భిణులకు ఈ ముప్పు హెచ్చు. వైద్యులు పిరిడాక్సిన్ అను బి6 మాత్ర నిచ్చి దీనిని నివారింతురు. సాధారణముగా క్షయ మందు ఆపనక్కరలేదు.

ఇథాంబుటాల్: ఇది కొందరికి కంటినరమును దెబ్బతీయును. చూపు మసకబారును, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియకుండును. ఇట్టి సూచన కన్పించిన నాడే రోగిని వైద్యునికి చూపవలెను. వైద్యుడు సకాలమున ఆ మందును నిలిపినచో చూపు చాలవరకు మరల వచ్చును. ఆలసించినచో శాశ్వతముగా పోవచ్చును.

రిఫాంపిసిన్ వలన మూత్రము నారింజరంగు నొందును. దానికి భయపడనక్కరలేదు. మొండి క్షయకిచ్చు లినెజోలిడ్ మాత్రము కాళ్ళ నరములను, కంటినరమును గూడ బాధింపగలదు. ఆ రోగులను మరింత శ్రద్ధతో కనిపెట్టవలెను.

సభ్యులు చేయదగిన పనులు:

1. ఆశా కార్యకర్తతో కలిసి రోగి యింటికి పోయి, ఏకాంతమున మూడు ప్రశ్నలడుగవలెను: పాదములు తిమ్మిరెక్కుచున్నవా? చూపు మసకబారినదా? తల తిరుగుచున్నదా?

2. ఏ ఒక్కటి ఔనన్నను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. బండి లేనివారికి బండి కుదుర్పవలెను.

3. మందు మానుమనిగాని, మార్చుమనిగాని సలహా చెప్పరాదు. ఆ నిర్ణయము వైద్యునిదే.

4. నిక్షయ్ పోషణ యోజన 2018లో నెలకు 500 రూపాయలతో ఆరంభమైనది. 2024 నవంబరు నుండి 1,000 రూపాయలకు పెంచబడినది. ఈ సొమ్ము రోగి ఖాతాకు చేరుచున్నదో లేదో విచారింపవలెను.

5. రోగి పేరును సభలో చెప్పరాదు. సిగ్గుపడి దాగినవాని బాధ మనకు తెలియదు.

క్షయరహిత పంచాయతీ కార్యక్రమము 2023లో దేశమున ఆరంభమైనది. ఆ పేరు పొందుటకు వ్యాధి కుదిరిన చాలదు. కుదిరిన మనిషి తన కాళ్ళమీద నడచి, తన కళ్ళతో చూచి, మరల పొలమునకు పోగలుగవలెను. సకాలమున అడిగిన ఒక్క ప్రశ్న దీనికి తోడ్పడును.