ఫ్యూజుకు కనబడని వేడి

పండగనాడు వాకిట్లో ఒక దీపం పెట్టాలి. ఇంట్లో పది మీటర్ల తీగ ఉంది, దాని చివర హోల్డరు ఉంది. ప్లగ్గు మాత్రం లేదు. అప్పుడు చాలామంది ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. తీగ కొనలు రెండూ ఒలిచి, సాకెట్టు రంధ్రాల్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. దీపం వెలుగుతుంది. "ఏమైనా అయితే ఫ్యూజు పోతుందిలే!" అని ధైర్యం చెప్పుకుంటారు. ఆ ధైర్యం ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేసి చూద్దాం.

ఫ్యూజు చేసే పని ఒక్కటే. తన గుండా పోయే విద్యుత్ ప్రవాహం హద్దు మీరితే కరిగి, వలయాన్ని తెంచుతుంది. నేటి ఇళ్లలో ఉండే ఎమ్.సి.బి. కూడా కరగకుండానే ఇదే పని చేస్తుంది. అంతేగాని, దారిలో ఏ చోట ఎంత వేడి పుడుతోందో వీటికి తెలియదు.

వేడి సంగతి జౌల్ 1841లో ప్రచురించిన నియమం చెబుతుంది. సెకనుకు పుట్టే వేడి, ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది. అగ్గిపుల్ల ఒత్తిడితో తీగ పోగులు సాకెట్టు లోహాన్ని ఏ రెండు మూడు చోట్లో మాత్రమే తాకుతాయి. అందుచేత అక్కడ నిరోధం ఎక్కువ. అది 1 ఓమ్ అనుకుందాం.

9 వాట్ల ఎల్.ఇ.డి. దీపం 0.1 ఆంపియరు కూడా తీసుకోదు. కాబట్టి ఆ అతుకు దగ్గర పుట్టే వేడి వాటులో నూరోవంతైనా ఉండదు. కాని వెలుగు చాలడం లేదని, అదే తీగకు 1000 వాట్ల హాలోజన్ దీపం తగిలించారనుకోండి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. 1000ని 230తో భాగిస్తే ప్రవాహం సుమారు 4.3 ఆంపియర్లు. అప్పుడు అతుకు దగ్గర వేడి:

4.3 × 4.3 × 1 = సుమారు 18 వాట్లు.

ఇది తక్కువే కదా అనిపించవచ్చు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ టంకాన్ని కరిగిస్తుందని గుర్తుంచుకోండి. ఇక్కడ 18 వాట్లు బియ్యపు గింజంత చోట పుడుతున్నాయి! ఆ వేడికి రాగి నల్లబడి, నిరోధం ఇంకా పెరుగుతుంది. దానితో వేడి మరింత పెరుగుతుంది. చివరకు ప్లాస్టిక్ మెత్తబడి అంటుకోవచ్చు. 5 ఆంపియర్ల ఫ్యూజు మాత్రం కదలదు. దాని గుండా పోయేది 4.3 ఆంపియర్లే కదా!

రెండో ప్రమాదం షాకు. తటస్థ తీగ ఊడిపోయి, ఫేజు తీగ మాత్రం సాకెట్టులో మిగిలిందనుకోండి. దీపం ఆరిపోతుంది. కాని హోల్డరు దాకా తీగలో 230 వోల్టులు ఉంటాయి. తడిసిన శరీరం నిరోధం 1000 ఓమ్‌లకు దిగవచ్చు. అప్పుడు శరీరం గుండా 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. ప్రాణం తీయడానికి ఇది చాలు. ఫ్యూజుకు ఇదీ కనబడదు. 30 మిల్లీ ఆంపియర్లకే వలయాన్ని తెంచే ఆర్.సి.సి.బి. ఇంట్లో ఉండాలనేది ఇందుకే.

కాబట్టి దీపం పెట్టేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి:

1. ప్లగ్గు లేకుండా తీగను సాకెట్టులో పెట్టకండి. లోహపు పెట్టె ఉన్న దీపానికి ఎర్తు తీగ, మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి.

2. మధ్యలో అతుకు లేని తీగ వాడండి. అతుకు మీద టేపు చుడితే షాకు తగ్గవచ్చు గాని, వేడి తగ్గదు.

3. హోల్డరు లోపల తీగకు ముడి వేయించండి. అప్పుడు బరువు మరల మీద పడదు.

4. తీగను చాప కిందనుంచి, కిటికీ రెక్కల మధ్యనుంచి తీయకండి. మిగిలిన తీగను చుట్టగా ఉంచకండి. వేడి బయటకు పోదు.

5. అరగంట వెలిగాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, దాని వెనుక భాగాన్ని తాకి చూడండి. పిన్నులను ముట్టుకోకండి. వెచ్చగా ఉంటే మళ్లీ పెట్టవద్దు.

తీగలు బిగించే పని పెద్దవాళ్లదో, ఎలక్ట్రీషియన్‌దో. మీ పని ఈ లెక్క వాళ్లకు చూపించడం. ఈ సాయంత్రమే మీ ఇంట్లో అగ్గిపుల్లలు గుచ్చిన సాకెట్టు ఉందేమో చూడండి. ఉంటే ముట్టుకోకుండా, ముందు నాన్నగారికో అమ్మకో చెప్పండి.